నలుగురికి సరిపోయే ఇల్లు

మెట్లు ఎంతకీ అయిపోవడం లేదు. ఒక చేత్తో కుచ్చిళ్లు పైకి పట్టుకుని, ఇంకో చేత్తో గోడ పట్టుకుని సువర్ణ ఎక్కుతూనే ఉంది. గోడకు కొత్తగా వేసిన సున్నం ఇంకా ఆరలేదేమో, అరచేతికి చల్లగా అంటుకుంటోంది. ఇల్లు చూపించే మనిషి తాళాల గుత్తి ఆడిస్తున్న చప్పుడు పైనెక్కడో వినబడుతోంది కానీ మనిషి కనబడదు, మలుపు తిరిగినప్పుడల్లా ఆ చప్పుడు ఇంకో మలుపు పైకి జరిగిపోతోంది. సువర్ణ వెనక, రెండు మెట్ల కింద, రబ్బరు చెప్పులు టపటపలాడించుకుంటూ లహరి వస్తోంది.

లహరి చనిపోయి ఏడాది కావస్తోందని సువర్ణకు తెలుసు. ఇల్లందులో, పోయిన వానాకాలం, జ్వరంతో పోయింది తన చిన్నబిడ్డ, ఎనిమిదేళ్లది. అదంతా తెలిసి కూడా, ఇప్పుడు ఈ మెట్ల మీద ఆ మాట ఎత్తడం బాగుండదన్నట్టు, ఎత్తితే పిల్ల చిన్నబుచ్చుకుని వెనక్కి తిరిగిపోతుందన్నట్టు, సువర్ణ నోరు మెదపకుండా ఎక్కుతోంది.

"ఎన్నో అంతస్తమ్మా?"

"వచ్చింది బిడ్డా, ఇగ ఒక్కటే."

"ఇందాక గూడ గట్లనే అన్నవ్."

గొంతు అదే, కొంచెం బొంగురు, కొంచెం దబాయింపు. వెనక్కి తిరిగి చూడాలని ఉంది, భయంగానూ ఉంది. చివరికి తలుపు వస్తుంది, అది తెరిచే ఉంటుంది, గుమ్మం దాటేటప్పుడు లహరి తల్లి చంక కింద నుంచి దూరి తనకంటే ముందు లోపలికి వెళ్లిపోతుంది, అప్పుడు చూస్తుంది సువర్ణ: ఆకుపచ్చ గౌను, నూనె పెట్టి బిగించిన రెండు జడలు, ఊడీ ఊడకుండా వేలాడే ముందు పన్ను. ఆ పన్నును నాలుకతో ఇటూ అటూ ఆడిస్తోంది.

"ఇంకా ఊడలేదానే?" అంటుంది సువర్ణ, ఏమనాలో తోచక.

"ఊడది ఇగ," అంటుంది లహరి, అదేదో మామూలు సంగతిలా.

లోపల ఇల్లు తెలిసినట్టే ఉంది, తెలియనట్టూ ఉంది. ముందు గది పొద్దున నయీంనగర్‌లో చూసిన ఇంటిది, కిటికీ అవతలి నీళ్ల ట్యాంకు కిషన్‌పురలో చూసిన ఇంటిది, వంటగదిలో నల్లరాతి గట్టు మాత్రం ఇల్లందులో ఇన్నేళ్లూ తను వండిన గట్టే, మూల పగులు కూడా అలాగే ఉంది. ఈ గట్టు ఇక్కడికి ఎవరు తెచ్చారని సువర్ణ అనుకుంటుంది, అనుకుని మరిచిపోతుంది. లహరి చేతులు వెనక్కి కట్టుకుని, బేరానికి వచ్చిన పెద్దమనిషిలా గదిగదీ తిరుగుతోంది. నల్లా తిప్పి చూస్తుంది. తలుపు వెనక ఎంత చోటుందో దాక్కుని చూస్తుంది. మునివేళ్ల మీద లేచి స్విచ్చు నొక్కుతుంది.

"ఫ్యాను తిరుగుతలేదమ్మా."

"కరెంటు పోయినట్టుంది."

"నాన్నకు ఫోన్ చెయ్యి. ఏస్తడు."

వాళ్ల నాన్న శ్రీహరి కరెంటు సబ్‌స్టేషన్‌లో ఆపరేటరు. ఊళ్లో దీపాలన్నీ ఆయనే వెలిగిస్తాడని, ఆయనే ఆర్పుతాడని లహరి బడిలో అందరికీ చెప్పేది. ఆ శ్రీహరి ఈ ఎండాకాలం హనుమకొండకు బదిలీ అడిగి వేయించుకున్నాడు. పెద్దబిడ్డ హరిణి పది పాసైంది, ఇక్కడి కాలేజీలో ఇంటర్ చదివించాలని బయటికి చెప్పాడు. అసలు సంగతి చెప్పలేదు, చెప్పకపోయినా సువర్ణకు తెలుసు. ఇల్లందు క్వార్టరులో ఆమె ఏడాదిగా గేటుకు గొళ్లెం పెట్టనివ్వడం లేదు. ఎవరైనా పెడితే లేచి వెళ్లి తీసి వస్తుంది. ఎందుకని అడిగితే పాలాయన వస్తాడంటుంది, చీపుర్లమ్మే ఆమె వస్తుందంటుంది. ఒకరోజు శ్రీహరి ఆమె ఎదుట కూర్చుని, "సువర్ణా, ఇక్కడుంటే నువ్వు దక్కవే నాకు," అన్నాడు. ఆ వారమే బదిలీకి దరఖాస్తు పెట్టాడు.

ఇప్పుడు హనుమకొండలో శ్రీహరి అక్క విమల ఇంట్లో దిగి, ముగ్గురూ రోజూ ఇళ్లు చూస్తున్నారు. చూసిన ప్రతి ఇంటికీ సువర్ణ ఏదో ఒక వంక పెడుతోంది. ఒకదానికి గాలి రాదంది. ఒకదానికి బోరు నీళ్లు ఉప్పన్నది. ఒకదానికి ఏ వంకా దొరక్క, ఎదురింటి కుక్క నచ్చలేదంది.

కిటికీ వెలుగులో ఒక కుర్చీ ఉంది, ఇందాక లేదు అది. అందులో ఒక పెద్దామె కూర్చుని ఉంది. వెలుగు ఆమె వెనక నుంచి పడడం వల్ల ముఖం తెలియడం లేదు, ఒళ్లో తాళాల గుత్తి మాత్రం మెరుస్తోంది.

"ఎంతమంది ఉంటరమ్మా మీరు?" అని అడుగుతుంది పెద్దామె.

ఈ ప్రశ్న పొద్దున కూడా వచ్చింది. వడ్డేపల్లిలో చూసిన ఇంటి ఓనరమ్మ, మంచిదే పాపం, మంచినీళ్లిచ్చి కూర్చోబెట్టి ఇదే అడిగింది. "ముగ్గురమండి" అని శ్రీహరి, "నలుగురం" అని సువర్ణ ఒక్కసారే అన్నారు. ఓనరమ్మ ఇద్దరి ముఖాలూ చూసింది. శ్రీహరి తల దించుకున్నాడు. హరిణి లేచి బయటికి వెళ్లి, మెట్ల మీద వీపు అటు తిప్పి కూర్చుంది. తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో ముగ్గురూ మూడు వైపులకు చూస్తూ కూర్చున్నారు.

"చెప్పమ్మా, అడుగుతుంది కదా," అంటుంది లహరి, తల్లి చెంగు లాగి.

"నలుగురం," అంటుంది సువర్ణ.

"నలుగురికి ఇది చాలదు," అంటుంది పెద్దామె, కోపం లేకుండానే. "అటెళ్లి చూడుండ్రి."

ఆమె చేయి చూపించిన వైపు, వంటగది వెనక, ఇంకో తలుపు ఉంది. దాని అవతల ఇంకో ఇల్లు ఉంది. ఆ ఇంటి పెరటి తలుపు తీస్తే మరో ఇంటి వసారా. సువర్ణ లహరి చేయి పట్టుకుని ఒక ఇంట్లోంచి ఇంకో ఇంట్లోకి నడుస్తోంది, ఇళ్లన్నీ దండ గుచ్చినట్టు ఒకదానికొకటి కలిసి ఉన్నాయి, ఒక దానిలో ఎవరిదో అన్నం ఉడుకుతోంది, ఒక దానిలో గోడ నిండా మేకులు ఉన్నాయి గానీ ఒక్క పటమూ లేదు, ఒక దానిలో నేలంతా పాదం మునిగేంత నీళ్లు నిలిచి ఉన్నాయి, ఆ నీళ్లలోనుంచి నడుస్తున్నా చీర అంచు తడవడం లేదు. లహరి చేయి వెచ్చగా ఉంది. జ్వరం వెచ్చన కాదు, ఎండలో ఆడి వచ్చిన వెచ్చన. ఆ తేడా సువర్ణ అరచేతికి తెలుసు.

"ఇది మంచిగుందమ్మా."

"దీనికి వెల్తురు లేదు."

"మరి ఇది?"

"దీని మెట్లు నిటారుగున్నయ్. జారి పడ్తవ్."

"నేనా?" అని నవ్వుతుంది లహరి. ఆ నవ్వు విని సువర్ణ గబగబా ఇంకో తలుపు తీస్తుంది.

నడిచి నడిచి ఒక గదిలోకి వస్తారు. రెండు కిటికీలు, ఎర్రగచ్చు, గోడలో చెక్క అల్మారా. వడ్డేపల్లి ఇంట్లో చిన్న గది ఇది. పొద్దున దీని గుమ్మంలో నిలబడి హరిణి మొదటిసారి ముఖం విప్పింది, ఇక్కడ టేబులు వేసుకుంటానంది. ఆ వెనకే ఓనరమ్మ ప్రశ్న వచ్చింది.

లహరి చేయి విడిపించుకుని గది మధ్యలో నిలబడుతుంది. "అమ్మా, నీకు ఏ ఇల్లు నచ్చదా?"

సువర్ణ కింద కూర్చుంటుంది. గచ్చు చల్లగా ఉంది. ఎవరికీ చెప్పని మాట, మొగుడికీ చెప్పని మాట, తనకు తానే సరిగ్గా చెప్పుకోని మాట ఇప్పుడు నోటికి వస్తుంది.

"నువ్వెట్ల వస్తవే మరి?"

"ఏడికి?"

"కొత్తింటికి. నీకు ఆ ఇల్లొక్కటే తెలుసు. మేం ఇటొస్తే, నువ్వు ఆడికొచ్చి గేటు కాడ నిలబడ్తవ్. లోపల ఎవరో కొత్తోళ్లు ఉంటరు. నిన్నెవరు లోపలికి పిలుస్తరు? మేమేడికి పోయినమో నీకెవరు చెప్తరు?"

లహరి పన్ను ఆడించడం ఆపి వింటోంది. సువర్ణకు ఉన్నట్టుండి ఒక ఉపాయం తోస్తుంది, ఇంత సులువైనది ఇన్నాళ్లూ తోచలేదేమని కూడా అనుకుంటుంది. లహరి నాలుగేళ్లప్పుడు జాతరలో తప్పిపోయింది. కాసేపటికే దొరికింది గానీ, ఆ కాసేపటిలో సువర్ణ సగం చచ్చింది. ఆ సాయంత్రమే ఒళ్లో కూర్చోబెట్టుకుని, తప్పిపోతే ఎవరికి ఏం చెప్పాలో నేర్పింది.

"లహరీ, నువ్వు తప్పిపోతే ఏమని చెప్పాలె?"

పిల్ల నిటారుగా నిలబడి, చేతులు పక్కకు ఆనించి, బడిలో ప్రతిజ్ఞ చెప్పినట్టు ఒకే ఊపిరిలో చెబుతుంది: "నా పేరు లహరి, మా నాన్న పేరు శ్రీహరి, కరెంటాఫీసుల పన్జేస్తడు, మాది ఇల్లందు, సబ్‌స్టేషన్ ఎనుక సందు, నీలం గేటు, జామచెట్టిల్లు."

"శాబాష్. ఇప్పుడు అది మర్చిపోవాలె. కొత్తది నేర్చుకోవాలె. నేను చెప్తా, నా ఎనక అను." సువర్ణ మోకాళ్ల మీద ముందుకు జరిగి, పిల్ల భుజాలు పట్టుకుంటుంది. ఇల్లు నచ్చడం నచ్చకపోవడం ఇప్పుడు గుర్తుకు రావడం లేదు. ఏదో ఒక ఇల్లు ఉండాలి, ఉంటేనే అడ్రస్ ఉంటుంది, ఉంటేనే పిల్ల నేర్చుకుంటుంది. ఇదే, ఈ ఇల్లే. "మాది హనుమకొండ."

"మాది... ఇల్లందు."

"కాదు. హనుమకొండ."

"హనుమకొండ."

"వడ్డేపల్లి, పాలకేంద్రం పక్క సందు."

"వడ్డేపల్లి, సబ్‌స్టేషన్ ఎనుక సందు."

"పాలకేంద్రం పక్క!"

"పాలకేంద్రం..." లహరి కళ్లు పైకెత్తి వెతుక్కుంటోంది, ఎక్కం మధ్యలో మరిచిపోయినప్పుడు అలాగే వెతుక్కునేది. "పాలకేంద్రం... నీలం గేటు, జామచెట్టిల్లు."

"మళ్లా చెప్పు! సరిగ్గ విను, ఎటు చూస్తున్నవ్? నా దిక్కు చూడు!" సువర్ణ గొంతు లేస్తోంది, లెక్కలు చెప్పించేటప్పుడు లేచినట్టే లేస్తోంది, తన వేళ్లు పిల్ల భుజాల్లో దిగబడుతున్నాయని తెలుస్తోంది, వదలలేకపోతోంది. "పాలకేంద్రం పక్క సందు, మొదటి అంతస్తు, తెల్ల గేటు. ఎంతసేపే? ఇంత చిన్నది రాదా నీకు?"

లహరి పెదవి వణుకుతుంది. ఏడవదు. మెల్లగా అంటుంది: "నాకు ఇగ కొత్తయి రావమ్మా. వచ్చినయే వస్తయి."

సువర్ణ చేతులు వాటంతటవే జారిపోతాయి.

కిటికీలోంచి పడే వెలుగు గచ్చు మీద పొడుగ్గా సాగి, మళ్లీ కురచయి, మళ్లీ సాగుతోంది, పొద్దు ఎటు తిరుగుతోందో తెలియడం లేదు.

"అయితే మేమే రాము," అంటుంది సువర్ణ. "ఆడనే ఉంటం. మీ నాన్న వస్తడు, పోతడు. నేను ఆడనే ఉంట. గేటు తీసే ఉంచుతున్న కదా బిడ్డా, చూసినవా? ఒక్కనాడు గూడ గొళ్లెం పెట్టలే."

"నేను ఆడికి రాలేదమ్మా."

"ఏంది?"

"ఇంటికి నేను రానేలేదు. ఒక్కసారి గూడ. నువ్వు ఊకెనే కూసున్నవ్ గేటు కాడ." తల్లిని మందలించినట్టు కాదు, తల్లి మీద జాలిపడ్డట్టూ కాదు. నడిమి వేలు కనుక్కునే ఆటలో తప్పు వేలు ముట్టుకున్నవాళ్లకు చెప్పినట్టు చెబుతుంది.

పోయిన వానాకాలం, అంబులెన్సులో ఖమ్మం పోతుంటే, తల ఒళ్లో పెట్టుకుని లహరి ఒకటే అడిగింది, ఇంటికెప్పుడు పోదామని. రేపు పోదాం బిడ్డా అన్నది సువర్ణ. ఆ రేపు కోసమే గేటు తీసి ఉంచింది. వానలో తీసి ఉంచింది, చలిలో తీసి ఉంచింది. మేకలు దూరి మందారం తినిపోయినా తీసే ఉంచింది.

"మరి ఏడున్నవే?" అంటుంది సువర్ణ. "ఎవరింట్ల ఉన్నవ్? తిన్నవా? నేనొస్తా, నాకు చెప్పు, నేనే వస్తా."

"తెల్వదమ్మా. ఆడ అడ్రస్ లేదు."

అని, ఇక ఆ మాట అయిపోయినట్టు, లహరి గోడవారగా వెళ్లి ఉత్త గచ్చు మీద వెల్లకిలా పడుకుంటుంది. కాళ్లు చాపి, చేతులు చాపి, గదిని తన ఒంటితో కొలిచినట్టు చూస్తుంది. "అక్కకు ఈ గది మంచిగుంటదమ్మా. ఇద్దరం పడ్తుంటిమి గూడ. నేను గోడకు, అక్క ఆ కొసకు. నేను నిద్రల తంతుంటి, అది జరిగి జరిగి కింద పడుతుండె. పొద్దున లేచి నన్ను గిల్లుతుండె." తనలో తనే నవ్వుకుంటుంది. నవ్వి, తల్లి వైపు పక్కకు తిరుగుతుంది. "అక్కను నువ్వు చూస్తలేవమ్మా."

సువర్ణ పిల్ల పక్కన పడుకోవాలని, ఆ జడలు విప్పి నుదురు నిమరాలని మోకాళ్ల మీదే జరుగుతుంది. జరుగుతున్న కొద్దీ గచ్చు పొడుగవుతుంది, గోడ అంతే దూరంలో ఉంటుంది. లహరి లేచి గౌను దులుపుకుంటుంది. గుమ్మం దగ్గర చెప్పులు వెతుక్కుంటుంది. ఎడమది కుడికి వేసుకుంటుంది, ఎప్పటిలాగే, చూసుకుని మార్చుకుంటుంది.

"ఏడికే?"

"దిగుతున్న."

"ఆగు. నేను దించుతా. మెట్లు నిటారుగున్నయ్ బిడ్డా, చెయ్యి పట్టుకో."

"నాకొస్తది," అంటుంది లహరి.

టపటపమని చెప్పుల చప్పుడు ఒక మలుపు కిందికి, ఇంకో మలుపు కిందికి దిగిపోతోంది. సువర్ణ తలుపు తీస్తే ఇంకో ఇల్లు వస్తోంది, దాని తలుపు తీస్తే మరో ఇల్లు, ప్రతి ఇంటికీ వంటగది ఉంది, కిటికీ ఉంది, గాలి ఉంది, నీళ్లు ఉన్నాయి, మెట్లు మాత్రం ఏ ఇంటికీ లేవు. ఎక్కడో కింద నుంచి, బాగా కింద నుంచి, పిల్ల ఎవరికో ఒకే ఊపిరిలో అప్పజెబుతున్నట్టు వినిపిస్తుంది: నా పేరు లహరి, మా నాన్న పేరు శ్రీహరి. ఆ తర్వాతి మాటలు అందవు. సువర్ణ తలుపులు తీస్తూనే ఉంది, బిడ్డా, బిడ్డా అని పిలుస్తూనే ఉంది, ఆ పిలుపు గొంతులోనే తిరుగుతూ

"సువర్ణా. సువర్ణా, లే."

విమల వదిన ఇల్లు. మధ్యాహ్నపు ఎండ కర్టెను మీద తెల్లగా మండుతోంది. మంచం పక్కన శ్రీహరి వంగి నిలబడి, ఒక చేత్తో ఆమె భుజం తడుతున్నాడు, ఇంకో చేతిలో ఫోను. అవతలి వాళ్లకు వినబడకుండా దాన్ని పొట్టకు ఆనించి పట్టుకున్నాడు. సువర్ణ ముఖం చూసి కల అడగలేదు. ఈ ఏడాదిలో అడగకూడదని నేర్చుకున్నాడు.

"వడ్డేపల్లోళ్లు," అన్నాడు మెల్లగా. "వేరేవాళ్లు అడుగుతున్నరట. ఏదో ఒకటి చెప్పమంటున్నరు. వద్దని చెప్పనా?"

వద్దు అనే మాట వినడానికి అతని ముఖం అప్పటికే సిద్ధమై ఉంది. సువర్ణ లేచి కూర్చుంది. చెంగుతో కళ్లు తుడుచుకుంది, అవి మళ్లీ నిండాయి, మళ్లీ తుడుచుకుంది.

"వస్తున్నమని చెప్పు," అన్నది.

శ్రీహరి కదల్లేదు. సరిగ్గా విన్నాడో లేదో అన్నట్టు నిలబడ్డాడు.

"ఆ చిన్న గది దానికి నచ్చింది," అన్నది సువర్ణ. "టేబులు ఏసుకుంటనన్నది."

అతను ఫోను చెవికి పెట్టుకుని వసారాలోకి నడిచాడు. "ఆ, నమస్తేనమ్మా," అని మొదలుపెట్టి, మాట ఆగిపోయి, గొంతు సవరించుకోవడం వినబడింది.

సువర్ణ కాళ్లు మంచం మీంచి దించింది. కింద, కూలరు గాలి తగిలే చోట, విమల వదిన పొద్దున తీసి పరిచిన పెద్ద చాప ఉంది. నలుగురు పడుకోవచ్చు దాని మీద. హరిణి దాని కొసకంటా జరిగి, ఒక భుజం, ఒక మోచేయి ఉత్త బండల మీద పెట్టుకుని నిద్రపోతోంది. గోడవైపు చాపంతా ఖాళీ.